అమ్మ కోసం ఎనిమిది వేల కిలోమీటర్లు

సాయంకాలం వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారనుకోండి. వీధి మలుపులోంచి ఓ ఆడపిల్ల నడిచొస్తోంది. వయసు తొమ్మిదేళ్ళు. ఎత్తు మాత్రం పదకొండున్నర అడుగులు! అడుగులో అడుగు వేసుకుంటూ మీ గుమ్మం ముందు ఆగి, నడుం వంచి, మీ మొహంలోకి చూసింది. నోరు విప్పి ఒక్క మాట కూడా అనదు. కానీ ఆ చూపు చూస్తే మాత్రం “మా అమ్మని ఎక్కడైనా చూశారా?” అన్నట్టే ఉంటుంది.

మీరేం చేస్తారు?

నవ్వకండి. 2021వ సంవత్సరంలో ఎనిమిది దేశాల ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ నిజంగానే ఎదురైన ప్రశ్న ఇది. కొందరు పూలిచ్చారు, కొందరు పాటలు పాడారు. కొందరు రాళ్ళు కూడా వేశారు! ఆ కథే ఇవాళ మీతో చెప్పుకుందామని.

ఆ పిల్ల పేరు అమల్. అరబ్బీ భాషలో అమల్ అంటే ఆశ. సిరియా దేశంలో యుద్ధం మొదలయ్యాక తల్లి నుంచి తప్పిపోయి, ఆవిణ్ణి వెతుక్కుంటూ బయల్దేరిన పిల్ల. అయితే ఈ అమల్ రక్తమాంసాలున్న పిల్ల కాదు, బొమ్మ. ఓ నాటక సమాజం వాళ్ళు తయారు చేయించి, సిరియా సరిహద్దు పక్కనున్న టర్కీ పట్నం గాజియాన్‌తెప్ నుంచి ఇంగ్లండులోని మాంచెస్టర్ దాకా ఊరూరా నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. అక్కడ జరిగే మాంచెస్టర్ అంతర్జాతీయ ఉత్సవం వాళ్ళే దీని ఆఖరి ప్రదర్శన ఏర్పాటు చేశారు. మొత్తం ఎనిమిది వేల కిలోమీటర్లు. మనం కాశ్మీరు నుంచి కన్యాకుమారి వెళ్ళి మళ్ళీ కాశ్మీరు చేరుకున్నా ఇంకా కాస్త మిగులుతుంది!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ప్రతి కిలోమీటరూ కాళ్ళతో నడవలేదు. ఊరికీ ఊరికీ మధ్య బళ్ళమీదే వెళ్ళారు. సముద్రం అడ్డొచ్చిన చోట ఓడెక్కారు. ఊళ్ళోకి వచ్చాక మాత్రం నడకే. అందుకే ఈ ప్రదర్శనకి ‘ది వాక్’ అని పేరు పెట్టారు. నడక అన్నమాట. విమానంలో వెళ్ళుంటే ఓ పూట ప్రయాణం. కానీ ఇల్లు వదిలిన వాళ్ళు విమానంలో వెళ్ళరు కదా! కాందిశీకులు ఏ దారిన వెళ్ళారో ఆ దారినే వెళ్ళాలన్నది వాళ్ళ పట్టుదల. ఈ యాత్రని నడిపించిన దర్శకుడు అమీర్ నిజార్ జుఆబీ పాలస్తీనా ఆయన. ఇల్లూ ఊరూ పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆ గడ్డమీద వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

గుడారంలో పుట్టిన నాటకం

అసలీ పిల్ల ఎక్కడ పుట్టిందో చెప్పాలి. దానికి కాస్త వెనక్కి వెళ్దాం.

ఫ్రాన్సు దేశపు ఉత్తరపు కొసన కాలే అని ఓ రేవు పట్నం ఉంది. అక్కణ్ణించి సముద్రం దాటితే ఇంగ్లండే. 2015లో సిరియా, అఫ్గనిస్తాన్, సూడాన్, ఎరిట్రియా లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు ఎలాగైనా ఇంగ్లండు చేరాలని ఆ ఊరి పక్కన ఇసక నేలలో గుడారాలు వేసుకుని ఉండిపోయారు. ఆ చోటుకి ‘జంగిల్’ అని పేరొచ్చింది. వందలతో మొదలై వేలకి వేలు పెరిగింది. అందులో తల్లీ తండ్రీ ఎవరూ తోడు లేని పిల్లలే వందల సంఖ్యలో ఉండేవాళ్ళు. ఎవరూ తోడు లేకుండా... ఆ మాట దగ్గర నాకు చెయ్యి ఆగిపోయింది. మన పిల్లల్ని పక్క వీధి ట్యూషన్‌కి పంపి ఓ పావుగంట ఆలస్యమైతే ఎలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతామో మనకి తెలుసుగా!

జో మర్ఫీ, జో రాబర్ట్‌సన్ అని ఇద్దరు కుర్ర నాటక రచయితలు ఇంగ్లండు నుంచి అక్కడికి వెళ్ళి, ఓ పెద్ద గుండ్రటి గుడారం వేసి, దాన్నే నాటకశాలగా చేశారు. ‘గుడ్ ఛాన్స్’ అని పేరు పెట్టారు. లారీల కింద దూరి సముద్రం దాటాలని చూసే వాళ్ళకి రాత్రి ఏది వీలుగా ఉంటే అది ‘గుడ్ ఛాన్స్’ అట. తిండికే గతి లేని చోట నాటకాలేమిటి అని మీకనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ చూడండి, మన ఇళ్ళల్లో కూడా పోయినవాళ్ళ పదో రోజు దాటాక ఎవరో ఒకరు పాత కబురు ఏదో చెప్తారు, ఏడుస్తూనే అందరూ నవ్వుతారు. ఆ నవ్వు లేకపోతే మనిషి లేచి పొయ్యి వెలిగించలేడు.

ఆ క్యాంపుని 2016 అక్టోబరులో ప్రభుత్వం పూర్తిగా తీసేసింది. ఆ తరవాత ఆ ఇద్దరూ అక్కడ చూసిందంతా ‘ది జంగిల్’ అనే నాటకంగా రాశారు. 2017 డిసెంబరులో లండన్‌లో యంగ్ విక్ అనే నాటకశాలలో మొదటిసారి వేశారు. మన పత్రిక చదివేవాళ్ళకి ఇందులో నచ్చే సంగతొకటుంది. ఆ క్యాంపులో అఫ్గన్ వాళ్ళు కొయ్య ముక్కలూ పట్టాలూ కట్టి హోటళ్ళు నడిపారు. అందులో ఒకదానికి లండన్ పత్రికలో భోజనాల గురించి రాసే పేరున్న ఆయన వెళ్ళి తిని, అయిదుకి నాలుగు చుక్కలు ఇచ్చాడు! నాటకంలో కూడా రంగస్థలం మొత్తాన్నీ ఆ హోటల్ లాగే కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కుర్చీల వరసల్లో కాదు, ఆ హోటల్ బల్లల దగ్గరే కూర్చోవాలి. వాళ్ళ మధ్యలోంచే నటులు తిరుగుతుంటారు. నాలుగు ముక్కల రొట్టె, ఓ గ్లాసు టీ ముందు పెట్టుకుని కూర్చున్నాక ఎదుటివాణ్ణి పరాయివాడనుకోవడం కష్టమే మరి.

ఆ నాటకంలో చిన్న వేషం ఒకటుంది. ఎవరూ తోడు లేని సిరియా పిల్ల, అమల్. నాటకం అయిపోయాక కూడా ఆ పిల్ల వాళ్ళని వదల్లేదు. ఈ ఒక్క పిల్లనీ తీసుకుని అసలు దారిన నడిస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

బుట్టబొమ్మే అనుకోండి!

బొమ్మని చేసింది దక్షిణాఫ్రికా దేశపు ‘హ్యాండ్‌స్ప్రింగ్’ అనే బొమ్మలాటల సంస్థ. ‘వార్ హార్స్’ అనే నాటకంలో నిజం గుర్రమంత గుర్రం బొమ్మని చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాళ్ళు వీళ్ళే.

మనం పెళ్ళి ఊరేగింపుల్లోనూ దేవుడి ఉత్సవాల్లోనూ బుట్టబొమ్మలు చూస్తాం కదా. వెదురు బుట్టలా అల్లి, పైన మొహం పెట్టి, చీర కట్టి, లోపల మనిషి దూరి ఆడిస్తాడు. అమల్ కూడా ఆ వంశమే! ఒళ్ళూ చేతులూ పేము బెత్తాలతో అల్లారు, బలం కావలసిన చోట కార్బన్ ఫైబర్ అనే తేలికపాటి గట్టి సరుకు వాడారు. జుట్టు రిబ్బన్లతో చేశారు. గాలికి అవి ఎగురుతుంటే నిజంగా ఆడపిల్ల జడ విప్పుకున్నట్టే ఉంటుంది.

మన బుట్టబొమ్మకీ దీనికీ తేడా ఏమిటంటే, మన బొమ్మ మొహం కదలదు. ఇది చూస్తుంది, తల వంచుతుంది, ఊపిరి తీసినట్టు గుండె పైకి లేస్తుంది. లోపల ఒకరు పొడుగు కర్రకాళ్ళ మీద నిలబడి నడుస్తూ, వీణ తీగల్లా బిగించిన తాళ్ళతో తలనీ మొహాన్నీ కదుపుతారు. ఆ తాళ్ళ చట్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా హార్ప్ అనే, వీణలాంటి వాయిద్యం పేరు. కుడి చేతికొకరు, ఎడమ చేతికొకరు బయటినుంచి. గాలి ఎక్కువైతే వెనకనుంచి పట్టుకోడానికి ఇంకొకరు. అంటే ఒక్క పిల్లని నడిపించడానికి ముగ్గురో నలుగురో మనుషులు!

ఇదేం కొత్త? ఏ పిల్లనైనా నడిపించడానికి అంతమంది పడుతూనే ఉంటారు. మనమే లెక్క పెట్టుకోం.

కర్రకాళ్ళ మీద, ఆ బరువు మోస్తూ, టర్కీ జులై ఎండలో గంటలకొద్దీ నడవడం ఒక్కరి వల్ల కాదు. అందుకని బృందంలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ వంతులవారీగా లోపలికి దూరేవాళ్ళు. వాళ్ళలో కొందరు స్వయంగా ఇల్లు వదిలి వచ్చినవాళ్ళే. నేను ఫోనులో వీడియోలు చూస్తున్నప్పుడు ముందు బొమ్మని చూశాను. తరవాత చెయ్యి పట్టుకున్న వాళ్ళని చూడ్డం మొదలుపెట్టాను. వాళ్ళు జనం వైపు చూడరు, కెమెరా వైపు చూడరు. బొమ్మ మొహం ఎటు తిరిగితే వీళ్ళ కళ్ళూ అటే. పిల్లని మొదటిసారి బడికి తీసుకెళ్ళే తల్లి ఎలా చూస్తుందో అలా.

బక్లావా ఊరి నుంచి

అసలు 2021 ఏప్రిల్‌లోనే బయల్దేరాలనుకున్నారు. కోవిడ్ వల్ల కుదరలేదు. చివరికి జులై 27న గాజియాన్‌తెప్‌లో తొలి అడుగు పడింది.

గాజియాన్‌తెప్ అంటే వంటింటివాళ్ళం మనం తెలుసుకోవలసిన ఊరు. బక్లావా అనే మిఠాయి అక్కడిది చాలా ప్రసిద్ధి. కాగితం కన్నా పల్చగా సాగదీసిన పిండి రేకులు పొరలు పొరలుగా పేర్చి, మధ్యలో పిస్తా పప్పు పొడి చల్లి, నెయ్యి పోసి కాల్చి, పైన పాకం పోస్తారు. మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తున్నాయి కదూ! అవి వేరు ఇవి వేరు అనుకోండి, కానీ రేకు పల్చదనం దగ్గర ఇద్దరిదీ ఒకటే పంతం. 2015లో యునెస్కో వాళ్ళు ఆ ఊరిని వంటల నగరంగా గుర్తించారు.

అదే ఊరు, యుద్ధం వచ్చాక, లక్షలమంది సిరియన్లకి నీడనిచ్చింది కూడా. 2021 నాటికి టర్కీ దేశం మొత్తంమీద ముప్ఫయ్యారు లక్షల మందికి పైగా సిరియన్లుండేవారు. వచ్చినవాళ్ళని పెట్టుకున్న ఊళ్ళలో సణుగుళ్ళు లేవా అంటే ఉన్నాయి. అద్దెలు పెరిగాయనీ, కూలి రేట్లు పడిపోయాయనీ. వారం రోజులు చుట్టాలుంటేనే మనకి పాల ప్యాకెట్ల లెక్క తేడా వస్తుంది, పదేళ్ళంటే మాటలా! అయినా అంతమందికి చోటిచ్చారు చూడండి, అది గొప్ప.

మొదటి రాత్రి అమల్ దీపాల వెలుగులో ఆ ఊరి వీధుల్లో నడిచింది. అక్కణ్ణించి అదానా, ఇజ్మీర్ మీదుగా పడమటి ఒడ్డున చెష్మె అనే ఊరు. ఎదురుగా గ్రీసు దేశపు కియోస్ ద్వీపం కనిపిస్తూనే ఉంటుంది. టికెట్టు కొని ఓడెక్కితే గంట పట్టదు. టికెట్టు కొనే కాయితాలు లేనివాళ్ళు దళారులకి అంతకి ఎన్నో రెట్లు పోసి, రబ్బరు పడవల్లో రాత్రిపూట వెళ్ళేవాళ్ళు. 2015 సెప్టెంబరులో ఇలాగే మునిగిపోయిన ఓ చంటివాడు ఎర్ర చొక్కాతో టర్కీ ఒడ్డున బోర్లా పడుకున్నట్టున్న ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు వాడి తల్లీ అన్నా కూడా నీళ్ళలోనే పోయారు. తల్లి తప్పిపోయిన పిల్లలంటే అందరూ జాతరలో తప్పిపోయిన వాళ్ళే కాదు మరి.

జాతర అంటే గుర్తొచ్చింది. 2015 గోదావరి పుష్కరాలకి మేమూ వెళ్ళాం. స్నానం కన్నా నాకు బాగా గుర్తున్నది మైకులో వినిపించిన ప్రకటనలు. ఫలానా రంగు గౌను వేసుకున్న పాప మా దగ్గరుంది, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళండి అని గంటగంటకీ చెప్పేవారు. ఒక్కోసారి ఆ మైకులోనే పిల్ల ఏడుపు వినిపించేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళమందరం, మా పిల్లలు మా చెయ్యి పట్టుకునే ఉన్నా సరే, ఒక్క క్షణం ఆగిపోయేవాళ్ళం. ఈ అమల్ అలాంటి ప్రకటనే, కాకపోతే ఎనిమిది దేశాలకి వినపడాలని చేసింది.

రాళ్ళు వేసిన ఊరు

ఆగస్టులో అమల్ గ్రీసు చేరింది. ఆ నెల 15న అఫ్గనిస్తాన్‌లో కాబూల్ తాలిబన్ల చేతిలోకి వెళ్ళింది. విమానం పట్టుకుని వేలాడిన జనాన్ని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. మళ్ళీ కొత్తగా కాందిశీకులు వచ్చిపడతారని యూరప్ దేశాలకి గుబులు పట్టింది. సరిగ్గా అప్పుడే ఈ బొమ్మ గ్రీసు ఊళ్ళలో నడుస్తోంది!

మెతెయోరా అని గ్రీసులో ఓ వింత చోటుంది. నిట్టనిలువు కొండ కొమ్ముల మీద వందల ఏళ్ళనాటి క్రైస్తవ మఠాలు. ఆ కింద పిల్లలతో కలిసి అమల్ వనభోజనం చేసేలా ఏర్పాటైంది. కానీ ఆ ఊరి మున్సిపాలిటీ వాళ్ళు వద్దని తీర్మానం చేశారు. సిరియా నుంచి వచ్చిన ముస్లిం పిల్ల బొమ్మ మఠాల దగ్గర తిరగడం బాగుండదన్నారు. బొమ్మకి మతం ఏమిటని కొందరు విసుక్కున్నారు. వాళ్ళదైన పవిత్ర స్థలమని పెద్దవాళ్ళకుండే పట్టింపు నాకు పూర్తిగా అర్థంకాకపోలేదు. మన గుళ్ళ దగ్గర మాత్రం మనకి పట్టింపుల్లేవా? కానీ వద్దన్నది పిల్లల వనభోజనాన్ని. అది మాత్రం మింగుడుపడలేదు.

లారిసా అనే ఊళ్ళో ఇంకాస్త ముదిరింది. నిరసన చేసేవాళ్ళు రాళ్ళు విసిరారు. కర్రకాళ్ళ మీద, ఎత్తున నిలబడ్డ మనిషి లోపల ఉండగా! ఆ వీధిలోనే బొమ్మని చూద్దామని వచ్చిన చిన్నపిల్లలూ ఉన్నారు.

ఇక్కడ నేను ఆలోచించిన సంగతి ఒకటి చెప్తాను, మీరేమంటారో చూడండి. బొమ్మ మీద రాయి వేసినవాడు బొమ్మకి దెబ్బ తగులుతుందని వెయ్యడు. వాడికది బొమ్మ కాదు, తన ఇంటి ముందుకొచ్చి నిలబడబోయే వేలమంది. అలాగే పువ్వు ఇచ్చినవాళ్ళకీ అది బొమ్మ కాదు. ఒక్క పేము బుట్ట అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ ఉన్నదున్నట్టు బయటపెట్టించింది. ఉపన్యాసాలు వింటే మనం తల ఊపి ఇంటికొచ్చేస్తాం. పిల్ల వచ్చి ఎదురుగా నిలబడితే తల ఊపడం కుదరదు, ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

అమ్మమ్మ ఒళ్ళో

గ్రీసు నుంచి ఓడలో ఇటలీ. బారి అనే రేవు పట్నంలో ఆ ఊరివాళ్ళు చేసిన పని వింటే మీకు ముచ్చటేస్తుంది. అమల్‌కి తోడుగా ఉండాలని ఇంకో పెద్ద బొమ్మని తీసుకొచ్చారు. ఎవరి బొమ్మనుకున్నారు? అమ్మమ్మ! ఇటలీ వాళ్ళు నోన్నా అంటారు. అక్కడ కూడా ఇంటికి పెద్దదిక్కు, వంటింటికి మహారాణి ఆవిడే. తల్లిని ఎలాగూ తెచ్చివ్వలేరు కదా, మరి తల్లి తరవాత ఎవరు? అమ్మమ్మేగా! ఈ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, తప్పకుండా అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్ళకే వచ్చుంటుంది.

రోమ్‌లో, సెప్టెంబరు 10న, వాటికన్‌లో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ అమల్‌నీ, ఆమెతో వచ్చిన పిల్లల్నీ కలిశారు. తరవాత మార్సే, జెనీవా, స్ట్రాస్‌బర్గ్, కొలోన్, బ్రస్సెల్స్, పారిస్... ఒక్కో ఊళ్ళో ఒక్కో స్వాగతం. ఎక్కడికక్కడ స్థానికంగా ఉండే నాటక సమాజాలూ, పాటగాళ్ళూ, బడిపిల్లలూ కలిసి చేసినవే అవన్నీ. బ్యాండు మేళాలతో ఎదురొచ్చిన ఊళ్ళున్నాయి. పేర్లన్నీ చెప్తూ పోతే పత్రిక సరిపోదు.

అక్టోబరు 19న సముద్రం దాటి ఇంగ్లండులో ఫోక్‌స్టన్ ఒడ్డున దిగింది. అక్కడ పిల్లలతోపాటు హాలీవుడ్ నటుడు జూడ్ లా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని నడిపించాడు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళు ఆమె పుట్టినరోజు పండగ చేశారు. బయల్దేరినప్పుడు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు పదోది వచ్చింది. దారిలోనే పిల్లకి ఏడాది పెరిగిందన్నమాట. నాకైతే యాత్ర మొత్తంలో అన్నిటికన్నా పట్టి కుదిపింది ఈ పుట్టినరోజే. పిల్ల ఎక్కడున్నా ఆ రోజు తల్లికి గుర్తుండకుండా పోతుందా! హాస్టల్లో ఉన్న పిల్లాడి పుట్టినరోజుకి ఇంట్లో పాయసం వండి, ఎవరికీ పెట్టబుద్ధి కాక గిన్నె మూతపెట్టి కూర్చున్న తల్లులు మీలో ఎంతమంది లేరు?

నవంబరు 3న మాంచెస్టర్. అంటే సుమారు వంద రోజులు. కాసిల్‌ఫీల్డ్ అనే ఆరుబయలు రంగస్థలంలో వేలమంది చేరారు. పక్షుల బొమ్మల గుంపు ఆమె వెంట వచ్చింది. ఆ నాటకంలో తల్లి వచ్చి పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంటుందని మనం ఎదురుచూస్తాం. సినిమాలు చూసిన అలవాటు! కానీ అలా జరగలేదు. తల్లి దొరకలేదు. పిల్లని ఆ ఊరు దగ్గరికి తీసుకుంది, అంతే. నాకది మొదట నచ్చలేదు. తరవాత ఆలోచిస్తే, తల్లిని చూపించేస్తే మనమందరం కళ్ళు తుడుచుకుని హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోతాం కదా అనిపించింది.

బొమ్మకి ఇంత ఖర్చా?

మావారి మాట ఇది. “ఆ డబ్బేదో నిజం పిల్లలకే ఇవ్వొచ్చుగా, బొమ్మకి ఎందుకు?” అన్నారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. అనాల్సిన మాటే. అమల్ పేరుతో నిధి పెట్టి కాందిశీకుల పిల్లల చదువుకి డబ్బు పోగుచేశారన్నది నిజమే గానీ, అదొక్కటే జవాబనుకోను.

కాలేలో ఆ క్యాంపు తీసేశాక అక్కడ గుడారాలు కనపడకుండా పోయాయి. వెళ్ళేవాళ్ళు ఆగలేదు. కళ్ళకి కనపడనిదాని గురించి ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? మన వీధి చివర పాకల్లో ఉండే వలస కూలీల పిల్లల్ని మనం ఎన్నిసార్లు చూస్తాం? రోజూ చూస్తాం, కానీ చూడం. పదకొండున్నర అడుగుల పిల్లని మాత్రం చూడకుండా ఎవరూ దాటిపోలేరు. మమ్మల్ని మర్చిపోకండి అనే మాటనే ఆ యాత్ర వాళ్ళు ఊరూరా చెప్పింది.

అయినా మావారి మాటలో ముల్లు ఉంది, దాన్ని నేను తీసెయ్యలేను. ఎందుకంటే మాంచెస్టర్ పండగ జరిగిన మూడు వారాలకే, 2021 నవంబరు 24న, అమల్ హాయిగా దాటొచ్చిన అదే సముద్రంలో రబ్బరు పడవ మునిగి కనీసం ఇరవయ్యేడు మంది పోయారు. అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి ఒడ్డున ఎదురుచూసే బ్యాండు మేళం లేదు. బొమ్మకి పరిచిన దారి మనిషికి పరవలేదు. ఇది ఆ నాటక సమాజం తప్పనను. అయితే పువ్వులు చల్లిన ఊళ్ళు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి కదా.

తరవాత...

మాంచెస్టర్ తరవాత అమల్ ఆగలేదు. అదే నవంబరులో స్కాట్లండులోని గ్లాస్గోలో పర్యావరణం గురించి దేశాల పెద్దలు సమావేశమైతే అక్కడికీ వెళ్ళింది. సమోవా దీవుల నుంచి వచ్చిన బ్రియానా ఫ్రువాన్ అనే అమ్మాయి ఆమెకి ఓ పువ్విచ్చింది. అమల్ బదులుగా విత్తనాల సంచీ ఇచ్చింది. 2022లో యుద్ధం వచ్చిన ఉక్రెయిన్‌లో లివివ్ నగరానికీ, పక్కనున్న పోలండుకీ వెళ్ళింది. అదే ఏడు న్యూయార్క్, 2023లో అమెరికా తూర్పు ఒడ్డున బోస్టన్ నుంచి పడమటి ఒడ్డు దాకా.

ఈ యాత్ర నడిపినవాళ్ళే 2025లో ఇంకో బృందాన్ని బయల్దేరదీశారు. ఈసారి పిల్ల కాదు, అట్టలతోనూ చెక్కలతోనూ చేసిన అడవి జంతువుల మంద! ఎండలు పెరిగి అడవి వదిలి పారిపోతున్నట్టుగా ఆఫ్రికాలో కాంగో దేశం నుంచి ఉత్తర ధ్రువం వైపు నడిచాయవి. దాని గురించి ఇంకోసారి తీరిగ్గా చెప్పుకోవచ్చు.

అమల్ తొలి అడుగు వేసిన గాజియాన్‌తెప్‌ని 2023 ఫిబ్రవరి 6న పెద్ద భూకంపం కుదిపేసింది. అక్కడి పాతకాలపు కోట గోడలు కూలాయి. సిరియా నుంచి వచ్చి తలదాచుకున్నవాళ్ళు ఇంకోసారి వీధినపడ్డారు. 2024 డిసెంబరు 8న సిరియాలో అసద్ ప్రభుత్వం పడిపోయింది. ఆ తరవాత అదే సరిహద్దు దారిన జనం ఎదురు తిరిగి నడవడం మొదలుపెట్టారు. మూటలు, పరుపులు, సైకిళ్ళు కట్టుకుని సొంత ఊళ్ళకి. 2025 సెప్టెంబరు నాటికి బయటి దేశాల నుంచి అలా వెనక్కి వచ్చినవాళ్ళు పది లక్షలని ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ లెక్క చెప్పింది. చాలామందికి ఇల్లున్న చోట గోడలు కూడా లేవు. అయినా వెళ్తున్నారు. 2021లో తొమ్మిదేళ్ళున్న పిల్లకి ఆ ఏడాదికి పదమూడు వచ్చుంటాయి. మన దగ్గరైతే ఎనిమిదో తరగతి.